రొమాంటిక్ కవితలో కోరిక, ‘నేను’: ఎడిపస్ దగ్గరే ఆగిపోకుండా మనోవిశ్లేషణతో చదవడం ఎలా?

ప్రశ్న: ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. రొమాంటిక్ కవుల్లో కోరిక, ‘నేను’ అనే భావన మీద మనోవిశ్లేషణ కోణంలో పేపరు రాయాలి. ఫ్రాయిడ్‌ను, ఆయన తర్వాతి ఫ్రెంచి మనోవిశ్లేషకుడు లకాన్‌ను కొంత చదివాను. కవిత దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతిదీ ఎడిపస్ కాంప్లెక్స్ దగ్గరే ఆగిపోతోంది. ఏ కవితలు తీసుకోవాలి, ఎలా చదవాలి?

జవాబు:

మీ ఇబ్బంది చదువు తక్కువై వచ్చింది కాదు, చదివే వరుస తిరగబడి వచ్చింది. ముందు సిద్ధాంతం చేతబట్టుకుని తర్వాత కవితలో దానికి సాక్ష్యం వెతుకుతున్నారు. అలా వెతికితే ఎడిపస్, అంటే బిడ్డకు తల్లి మీద కోరిక, తండ్రితో పోటీ అన్న ఫ్రాయిడ్ త్రికోణం, ఎక్కడైనా దొరుకుతాడు. తల్లీ తండ్రీ లేకుండా ఎవరూ పుట్టరు కాబట్టి ఏ కవితలోనైనా మూడు కుర్చీలు వేసి ఎవరో ఒకరిని కూర్చోబెట్టవచ్చు. కూర్చోబెట్టాక కవిత గురించి కొత్తగా ఏం తెలిసింది అని అడిగితే జవాబు ఉండదు. వరుస తిప్పండి. ముందు కవితలో వాక్యం తడబడిన చోటు పట్టుకోండి. ఆ తడబాటును వివరించడానికి ఏ భావన కావాలో తర్వాత చూసుకోవచ్చు.

ఇలా ఎందుకు చెయ్యాలంటే, ఫ్రాయిడ్ పద్ధతిలో కల ఒక్కటే చాలదు. కల కన్న మనిషి ఎదురుగా ఉండి, కలలోని ఒక్కో ముక్కకూ తనకు ఏం గుర్తొస్తుందో చెబుతూ పోవాలి. అర్థం ఆ చెప్పడంలోంచి వస్తుంది, గుర్తుల పట్టికలోంచి రాదు. వర్డ్స్‌వర్త్, కీట్స్, షెల్లీ మనకు అలా చెప్పలేరు. మనకు మిగిలింది పాఠం. అందులో మాట మారిన చోటు, అక్కర్లేకుండా మళ్ళీ వచ్చిన చోటు, రావాల్సి ఉండి రాని చోటు, కవే తర్వాత దిద్దిన చోటు చూడాలి. రోగి నోటి మాటకు బదులు మనకున్నవి ఇవే. అందుకే ఈ పనిలో సిద్ధాంత గ్రంథం ఎంత ముఖ్యమో, కవిత ఏ ప్రతిలో చదువుతున్నారన్నదీ అంతే ముఖ్యం.

పరీక్షకులు తప్పకుండా అడిగే ఒక ప్రశ్నను ముందే తీర్చుకుందాం. 1800 నాటి కవిత్వానికి 1900 నాటి సిద్ధాంతం అంటగట్టడం సబబేనా? సబబే, ఎందుకంటే సిద్ధాంతం చాలావరకు ఆ కవిత్వం పెరిగిన నేలలోంచే వచ్చింది. ‘సైకో-అనలిటికల్’ అనే మాటను రొమాంటిక్ కవి కోల్‌రిడ్జ్ 1805లోనే తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. అర్థం ఫ్రాయిడ్‌ది కాదు కానీ, మనసును విప్పి చూడాలన్న తపన అదే. ఫ్రాయిడ్ కూడా కలల గ్రంథం తర్వాతి కూర్పులో, మనసుకు తోచినదాన్ని అడ్డుకోకుండా రానివ్వాలని చెప్పడానికి జర్మన్ కవి షిల్లర్ 1788లో రాసిన ఉత్తరాన్ని ఉదహరించాడు. కాబట్టి మీరు చేస్తున్నది పరాయి కొలబద్దతో కొలవడం కాదు. బంధుత్వం ఉన్న ఇద్దరిని మాట్లాడించడం.

కవితలు మూడు చాలు: వర్డ్స్‌వర్త్ ఆత్మకథా కావ్యం ‘ప్రెల్యూడ్’లో గుర్రాల కోసం ఎదురుచూసిన ఘట్టం, కీట్స్ ‘లా బెల్ డామ్ సాన్ మెర్సీ’, షెల్లీ ‘అలాస్టర్’. పేపరు చిన్నదైతే ఒక్కటే తీసుకోండి.

మొదటిది ప్రెల్యూడ్. దీనికి రెండు పాఠాలున్నాయి: 1805లో ముగించినది, కవి తర్వాత దిద్దగా 1850లో అచ్చయినది. ఈ ఘట్టం 1805 పాఠంలో పదకొండో సర్గ, 1850 పాఠంలో పన్నెండోది. క్రిస్మస్ సెలవులకు ముందు రోజు. బడిలో ఉన్న కుర్రవాడు తమను ఇంటికి తీసుకెళ్ళే గుర్రాల కోసం ఆత్రంగా ఒక గుట్ట ఎక్కి కూర్చుంటాడు. గుర్రాలు రెండు దారుల్లో ఏ దారిన వస్తాయో తెలియదు. గాలీ చలీ మంచూ. ఒక బోడి గోడ చాటున కూర్చుంటే కుడివైపు ఒంటరి గొర్రె, ఎడమవైపు గాలికి ఈల వేస్తున్న ముళ్ళచెట్టు. ఇల్లు చేరి పది రోజులు తిరక్కుండానే తండ్రి చనిపోతాడు. వర్డ్స్‌వర్త్ తండ్రి పోయింది 1783 డిసెంబరు 30న. అప్పటికి కవికి 13 ఏళ్ళు, తల్లి పోయి ఐదేళ్ళు దాటింది. ఆ చావు తనకు శిక్షలా తోచిందనీ, తన కోరికలను అలా సరిదిద్దిన దేవుడి ముందు తల వంచాననీ కవిత చెబుతుంది. ఇంగ్లీషు మాటలు ‘కరెక్టెడ్ మై డిజైర్స్’. ఈ రెండు మూడు మాటల కిందే గీత గీయండి.

ఆ పిల్లవాడి కోరిక ఏమిటి? సెలవులకు ఇంటికి పోవడం. అందులో నేరం ఏముంది? శిక్ష ఎందుకు? వాక్యం తడబడిందని నేను చెప్పింది ఇదే. శిక్ష ఉంది, నేరం కనిపించదు. కోరికలు అని బహువచనం ఉంది, కవితలో చెప్పింది ఒక్కటే. ఇక్కడ చాలామంది వెంటనే ‘తండ్రి చావాలన్న అచేతన కోరిక’ అని రాసేస్తారు. అది పాఠంలో లేదు. పాఠం అనుమతించేది అంతకంటే తక్కువ, అంతకంటే కచ్చితమైనది: తాను గట్టిగా కోరుకోవడానికీ ఆ చావుకీ ఏదో లంకె ఉందని ఆ పిల్లవాడి మనసు నమ్మింది. నేను కోరితే లోకంలో జరుగుతుంది అన్న ఈ నమ్మకాన్ని ఫ్రాయిడ్ ‘టోటెమ్ అండ్ టాబూ’లో (1913) ఆలోచనల సర్వశక్తిమత్వం అన్నాడు. ఎడిపస్ అని మొత్తంగా అనే బదులు ఈ ఒక్క భావన వాడితే, నేరం కనిపించకుండా శిక్ష ఎలా వచ్చిందో తెలుస్తుంది.

ఇంకా దగ్గరగా చూడాల్సింది ఆ చెట్టు. 1805 పాఠంలో గుట్ట మీద కూర్చున్నప్పుడు అది ఈల వేసే ముళ్ళచెట్టు. తండ్రి పోయాక అదే దృశ్యాన్ని గుర్తు చేసుకున్నప్పుడు అది పిడుగు పడ్డట్టు మాడి ఎండిన చెట్టు, ‘బ్లాస్టెడ్ ట్రీ’. గోడ కూడా మారింది. మొదట వట్టి బోడి గోడ, తర్వాత ఆ పాత రాతిగోడకు ఒక బీడు సంగీతం వచ్చింది. చెట్టు పాడటం మానేసింది, గోడ మొదలుపెట్టింది. మధ్యలో జరిగింది ఒక్క చావు. జరిగినప్పుడు మామూలుగా ఉన్న దృశ్యం తర్వాతి సంఘటన వల్ల వెనక్కి వెళ్ళి అర్థం మార్చుకోవడాన్ని ఫ్రాయిడ్ జర్మన్‌లో ‘నాఖ్‌ట్రేగ్లిష్‌కైట్’ అన్నాడు. తెలుగులో వెనుచూపు అర్థం అనుకోవచ్చు. ఇక 1850 పాఠం తెరవండి. అక్కడ మొదటి వర్ణనలోనే అది మాడిన ముళ్ళచెట్టు. ముసలి కవి తన పద్యాన్ని దిద్దుతూ, తెలియకుండానే జ్ఞాపకం చేసిన పనిని పూర్తి చేశాడు. చావు రాకముందే చెట్టు మాడిపోయింది. ఈ ఒక్క మార్పు మీద నాలుగు పేజీలు రాయవచ్చు. 1850 పాఠం ఒక్కటే చదివినవారికి ఈ ఆధారం కనపడనే కనపడదు. 1805 పాఠం అచ్చులోకి వచ్చిందే 1926లో, సెలిన్‌కోర్ట్ సంపాదకత్వంలో. అందుకే అంతకు ముందు విమర్శకులకు ఇది పట్టుకునే వీలే లేదు.

ఇక ‘నేను’ సంగతి. ఆ గొర్రె, చెట్టు, గోడ, మంచు దగ్గరికి తాను తరచు వెళ్ళి, ఊట దగ్గర తాగినట్టు తాగేవాణ్ణని కవిత అంటుంది. శిక్ష పడ్డ చోటే దాహం తీర్చే చోటు. ఇది దుఃఖం మరిచిపోవడం కాదు. తండ్రి పోయిన దుఃఖానికి కవిత ఇచ్చింది అరపాదం మాత్రమే, ఆ గుట్ట మీది ఎదురుచూపుకు ఎన్నో పాదాలు. కవి అనే ‘నేను’ తండ్రిని పోగొట్టుకున్నందుకు ఏర్పడలేదు. తీరేలోపే శిక్షగా మారిన కోరికను పదేపదే తడిమి చూసుకోవడం వల్ల ఏర్పడింది. వర్డ్స్‌వర్త్ మీద ఎక్కువగా రాసిన మనోవిశ్లేషణ విమర్శకులు, 1971లో ఒనొరాటో, 1976లో వైస్కెల్, ఈ చుట్టుపక్కలే తిరిగారు. వారిని చదవండి, కానీ చెట్టును మీరే చూశాక చదవండి.

పక్కనే రెండో సర్గలో తల్లి రొమ్మున నిద్రపోయే పసిబిడ్డ ఘట్టం ఉంది. దానికి ఫ్రాయిడ్ కంటే బ్రిటిష్ మనోవిశ్లేషకుడు విన్నికాట్ సరిపోతాడు. తల్లి ముఖంలోకి చూసినప్పుడు బిడ్డకు ఏం కనిపిస్తుంది అని 1967లో అడిగి, తానే కనిపిస్తాడు అని జవాబు చెప్పాడు ఆయన. తల్లి కంటిలోంచి బిడ్డ ఆర్తిని పోగు చేసుకుంటాడు అని 1805 పాఠం అంటుంది. ‘నేను’ అన్నది లోపల మొలిచి బయటికి వచ్చేది కాదు, ఒకరి కంటిలోంచి అందుకునేది అని ఇద్దరూ చెబుతున్నారు.

ఇప్పుడు కీట్స్. ఒంటరిగా తిరుగుతున్న వీరుణ్ణి ఏమైందని అడిగితే, తాను ఒక సుందరిని కలిసిన కథ చెప్పే కవిత ఇది. ‘లా బెల్ డామ్ సాన్ మెర్సీ’ మొదటిసారి కనిపించేది 1819 ఏప్రిల్ 21న తమ్ముడు జార్జికీ అతని భార్య జార్జియానాకీ రాస్తున్న దినచర్య ఉత్తరంలో. 1820 మేలో ‘ఇండికేటర్’ పత్రికలో అచ్చయినప్పుడు మాటలు మారాయి. అందులో వీరుడు వీరుడు కాదు, దీనుడైన మనిషి. మీరు ఉత్తరంలోని పాఠం తీసుకోండి, తీసుకున్నానని పేపరులో చెప్పండి. రెండు పాఠాలు కలిపి ఉదహరిస్తే వాదన అక్కడే కూలిపోతుంది.

పన్నెండు చరణాలు. ముందు అర్థం జోలికి పోకుండా పైకి చదవండి. మొదటి మూడు పాదాలు దాదాపు ఎనిమిదేసి సిలబుల్స్‌తో నడుస్తాయి. నాలుగో పాదం నాలుగైదుతోనే తెగిపోతుంది. చెవి ఎనిమిదికి సిద్ధమై ఉంటుంది, అందేది సగం. ‘పక్షులు పాడవు’ అన్న పాదం ఇంగ్లీషులో నాలుగు సిలబుల్స్ మాత్రమే. లోటు గురించి చెప్పే కవితలో లోటు ఛందస్సులోనే ఉంది. పన్నెండు సార్లు ఆశపెట్టి పన్నెండు సార్లు తుంచుతుంది. సిద్ధాంతం మాట ఎత్తకముందే మీరు కోరిక గురించి ఒక గట్టి మాట చెప్పేశారు.

తర్వాత క్రియలు రాసుకోండి, ఒక్కో క్రియకూ కర్త ఎవరో పక్కన వేయండి. ఇది పావుగంట పని, దీని విలువ ఏ సిద్ధాంత గ్రంథానికీ లేదు. వీరుడు మాట్లాడటం మొదలుపెట్టాక మూడు చరణాలు ‘నేను’తో తెరుచుకుంటాయి: నేను కలిశాను, నేను పూలదండ చేశాను, నేను గుర్రం మీద ఎక్కించాను. ఆ తర్వాత పగ్గాలు ఆమె చేతికి వెళ్తాయి: ఆమె దుంపలు వెతికి ఇచ్చింది, ఆమె గుహకు తీసుకెళ్ళింది, ఆమె జోకొట్టింది. కల దగ్గర మళ్ళీ ‘నేను చూశాను’. ఈ చేతులు మారడంలో ఒక్క క్రియ అడ్డం పడుతుంది. గుహలో ఆమె ఏడ్చింది, నిట్టూర్చింది. ఎందుకో కవిత చెప్పదు. అతను అడగడు. ముద్దులు పెట్టి ఆమె కళ్ళు మూశాడు. నాలుగు ముద్దులే ఎందుకని కీట్స్ అదే ఉత్తరంలో సరదాగా లెక్క చెప్పాడు: రెండు కళ్ళకూ సమానంగా రావాలి, ఏడైతే ఇబ్బంది అని. సరదా మాటే, కానీ ఆయన దృష్టి కూడా ఆ కళ్ళ మీదే ఉంది.

ఆమె కళ్ళు మూసిన మరుక్షణం అతను నిద్రపోతాడు. కలలో అందరూ మగవాళ్ళే: పాలిపోయిన రాజులు, రాకుమారులు, యోధులు. ఆమెకు ‘దయలేని సుందరి’ అన్న పేరు పెట్టింది వాళ్ళు. ఆ పేరు కూడా ఫ్రెంచిలో, పదిహేనో శతాబ్దపు అలెన్ షార్టియే కవిత పేరు, అంటే ముందే ఉన్న మాట. ఆమె దయలేని పని చేసినట్టు కవితలో ఒక్క పాదం లేదు. తేనె ఇచ్చింది, దుంపలు ఇచ్చింది. ‘నిన్నే ప్రేమిస్తున్నాను’ అన్నదని అతనే చెబుతున్నాడు. అదీ తనకు తెలియని భాషలో అన్న మాటకు ‘తప్పకుండా అలాగే అని ఉంటుంది’ అన్న భరోసాతో. ఆమె చూపు సంగతీ అంతే. అక్కడ వాడిన ‘యాజ్’ అనే చిన్న మాటకు ప్రేమించినట్టుగా అనీ, ప్రేమిస్తూ అనీ రెండు అర్థాలూ వస్తాయి.

లకాన్ పనికొచ్చేది ఇక్కడ. అవసరం, అడగడం, కాంక్ష అని ఆయన చేసిన తేడాను ఇలా పట్టుకోండి. పసివాడు ఆకలితో ఏడుస్తాడు. పాలు పడితే ఆకలి తీరుతుంది. కానీ ఆ ఏడుపులో పాలతో పాటు అమ్మ కూడా కావాలి, ఆమె పూర్తిగా తనది కావాలి. పాలు దాన్ని తీర్చలేవు. పాలు ఇచ్చాక కూడా మిగిలే ఆ శేషమే కాంక్ష. ఇప్పుడు కవితలోకి రండి. ఆమె అతనికి తినడానికి పెట్టింది, అయినా కలలోని వాళ్ళ పెదవులు ఆకలితో ఎండి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. తిండి పెట్టిన చోట ఆకలి ఎక్కడిది? తిండితో తీరని ఆకలి అది. ఆమె ఏం కోరుకుంటోంది అన్న ప్రశ్న ఆ ఏడుపులో అతని ముందుకు వచ్చింది. అతను ఆ కళ్ళు మూసేశాడు. అడగని ప్రశ్నకు కలలోని మగవాళ్ళు సిద్ధంగా ఉన్న జవాబు ఒకటి అందించారు: ఆమె దయలేనిది, నువ్వు ఆమె బందీవి. ఆ జవాబు అతనికి ఒక ‘నేను’ ఇచ్చింది. అది బందీ అయిన నేను, ఆ వరుసలో నిలబడ్డ ఇంకో మగవాడు.

చివరి చరణం మొదటి చరణంలోని మాటల్నే తిప్పి చెబుతుంది. ‘ఇందుకే నేనిక్కడ తిరుగుతున్నాను’ అంటాడు, కారణం మాత్రం చెప్పడు. ప్రశ్నలోని మాటలే జవాబులో. 1920లో ఫ్రాయిడ్ తిరిగి తిరిగి చేసే బలవంతం గురించి రాసినది ఈ చోటుకు అచ్చంగా సరిపోతుంది: గుర్తు చేసుకోలేనిదాన్ని మనిషి మళ్ళీ చేస్తాడు.

జీవితచరిత్ర ఆశ ఇక్కడ బాగా లాగుతుంది. కీట్స్ తల్లి 1810లో క్షయతో పోయింది, అతనికి 14 ఏళ్ళు. తమ్ముడు టామ్ 1818 డిసెంబరు 1న అదే జబ్బుతో పోయాడు. కవితలో వీరుడి నుదుటి మీద తెల్లకలువ, జ్వరపు చెమ్మ, చెంపల మీద వాడే గులాబీ ఉన్నాయి. వైద్యం చదివినవాడి కన్ను అది. ఇవన్నీ మీకు తెలియాలి. వాదనకు ఆధారం మాత్రం చేయకండి. అదే ఏడాది రాసిన నైటింగేల్ కవితకూ గ్రీకు కలశం కవితకూ ఇదే జీవితచరిత్ర ఇదే వివరణ ఇస్తుంది. మూడు వేర్వేరు కవితలకు ఒకే జవాబు ఇచ్చేది వివరణ కాదు.

‘నేను’ విషయంలో కీట్స్‌ను వర్డ్స్‌వర్త్‌తో ఒకే గాటన కట్టకండి. 1818 అక్టోబరు 27న మిత్రుడు వుడ్‌హౌస్‌కు రాసిన ఉత్తరంలో కవికి తనదంటూ స్వభావం లేదని, కవి ఊసరవెల్లి అని అన్నాడు కీట్స్. తెలుగులో అది తిట్టు, ఆయన దగ్గర మెచ్చుకోలు. గదిలో నలుగురు ఉంటే వాళ్ళ ఉనికి తన మీద ఒత్తుకుని తాను కాసేపట్లో లేకుండా పోతానని, పసిపిల్లల గదిలో ఉన్నా ఇదే జరుగుతుందని కూడా రాశాడు. గట్టి ‘నేను’ ఒకటి ముందే ఉందని అనుకునే సిద్ధాంతం ఈ కవికి పనికిరాదు. పేపరులో ‘రొమాంటిక్ సెల్ఫ్’ అని ఏకవచనంలో రాస్తే, ఒక్క ఈ ఉత్తరంతో పరీక్షకుడు దాన్ని కొట్టేస్తాడు.

మూడోది ‘అలాస్టర్’. 1815లో రాసింది, 1816లో అచ్చయింది, 720 పాదాలు. మొదటి జాగ్రత్త: అలాస్టర్ నాయకుడి పేరు కాదు. గ్రీకులో అది పీడించే దుష్టశక్తి. ఆ పేరు సూచించింది షెల్లీ స్నేహితుడు పీకాక్. కవితలో నాయకుడికి పేరే లేదు, ‘కవి’ అంతే. ‘అలాస్టర్ కాశ్మీరం వెళ్ళాడు’ అని రాసిన వ్యాసాలు చాలానే కనిపిస్తాయి. ఆ పొరపాటు ఆ వాక్యంతో ఆగదు. పీడించేదానికీ పీడన పడేవాడికీ మధ్య కవిత ఉంచిన ఎడం పోతుంది.

కవిత తలమీద షెల్లీ పెట్టుకున్నది సెయింట్ అగస్టీన్ వాక్యం. దాని సారం: నేనింకా ప్రేమించడం లేదు, ప్రేమించడాన్ని ప్రేమిస్తున్నాను, ఎవరిని ప్రేమించాలా అని వెతుకుతున్నాను. వస్తువు లేకుండానే కోరిక ముందు పుట్టిందని కవే ముంగిట్లో రాసి పెట్టాడు. నాయకుడు దేశాలన్నీ తిరిగి కాశ్మీర లోయ చేరి అక్కడ కలగంటాడు. మేలిముసుగు వేసుకున్న కన్య పక్కన కూర్చుని మాట్లాడుతుంది. ఆమె గొంతు అతని ఆత్మ గొంతులాగే ఉంటుంది. మాట్లాడే విషయాలు అతనికి ఇష్టమైనవే. ఆమె కూడా కవే. మెలకువ వచ్చాక చల్లని తెల్లని ఉదయం, ఖాళీ లోయ. అప్పుడు వచ్చే ఉపమానం దగ్గర ఆగండి: సముద్రంలోని చంద్రుడు ఆకాశంలోని చంద్రుణ్ణి చూసినట్టు అతని కళ్ళు ఆ ఖాళీని శూన్యంగా చూశాయి. మామూలుగా మనం చూస్తున్నవాణ్ణి చంద్రుడితోనూ ప్రియురాల్ని ప్రతిబింబంతోనూ పోల్చేస్తాం. షెల్లీ తిప్పేశాడు. చూస్తున్నవాడే నీటిలోని చంద్రుడు. అసలు ఎక్కడో పైన ఉంది, తాను దాని నీడ.

లకాన్ అద్దం దశ (ఇప్పుడు చదివే పాఠం 1949 నాటిది) చెప్పేది దీని పక్కన పెట్టి చూడండి. ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్య, కాళ్ళూ చేతులూ ఇంకా స్వాధీనంలో లేని బిడ్డ అద్దంలో నిండుగా ఉన్న బొమ్మను చూసి అది నేనే అని పొంగిపోతాడు. ‘నేను’ అన్నది అలా బయట, తనకంటే పూర్తిగా ఉన్న బొమ్మలో దొరుకుతుంది. తర్వాత బతుకంతా ఆ బొమ్మను అందుకోవాలన్న పరుగు. చాలామంది ఇక్కడ ‘అలాస్టర్ నాయకుడు నార్సిసస్’ అని, అంటే నీటిలో తన ప్రతిబింబాన్నే ప్రేమించిన గ్రీకు కథలోని యువకుడని, ముగిస్తారు. నీటి మడుగు దృశ్యం కవితలో తర్వాత ఉన్న మాట నిజమే. కానీ అక్కడ కూడా మనిషి హృదయం చీకటి సమాధి మీదికి వంగి చూస్తే కనిపించే తన రూపాన్ని కవిత ద్రోహం చేసేదిగా పిలుస్తుంది. నార్సిసస్ నీడను ప్రేమించాడు. ఇతను తానే నీడనని తెలుసుకుని చచ్చిపోతాడు. తేడా చిన్నదేమీ కాదు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. షెల్లీ మనకు కొత్తవాడు కాదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ (1925) నాటి భావకవిత్వం ద్వారా ఇంట్లోకి వచ్చేసినవాడు. అందువల్ల ఇలాంటి కవిత కనపడగానే ‘విరహం’ అనేస్తాం. ఆ మాట ఇక్కడ దారి తప్పిస్తుంది. మన లాక్షణికులు కలలో చూసి ప్రేమించడాన్ని కూడా పూర్వరాగంలో (కలవకముందే పుట్టే ప్రేమలో) చేర్చారు, ఉషా అనిరుద్ధుల కథ అందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. కానీ ఉష కలకు చిరునామా ఉంది. చిత్రలేఖ లోకంలోని రాకుమారుల బొమ్మలన్నీ గీసి చూపిస్తే ఉష ఒకరిని గుర్తుపట్టింది, అతను ద్వారకలో నిజంగానే ఉన్నాడు. షెల్లీ కవితలో చిత్రలేఖ ఎంత గీసినా లాభం లేదు. ఆ ముసుగు వెనక ఉన్న ముఖానికి ఊరు లేదు. విరహంలో మనిషి దూరమవుతాడు. ఇక్కడ మనిషే లేదు, దూరం మాత్రమే ఉంది. ఈ పోలిక పేపరులో వాడుకోండి, తేడా స్పష్టంగా చూపిస్తుంది. షెల్లీకి ఈ సంగతి తెలుసు. 1822 జూన్‌లో మిత్రుడు గిస్‌బోర్న్‌కు రాస్తూ, మనిషి ఎప్పుడూ దేన్నో ఒకదాన్ని ప్రేమిస్తూనే ఉంటాడని, నశించే రూపంలో బహుశా నశించని దాని పోలిక వెతకడమే పొరపాటని అన్నాడు.

రాయడం గురించి. పది పేజీల పేపరైతే సిద్ధాంతానికి పేజీన్నర మించనివ్వకండి, అదీ ఒక్కచోట గుమ్మరించకుండా అవసరమైన చోట అర పేజీ చొప్పున. ఒక కవితకు ఒక్క భావన. ఫ్రాయిడ్ ‘ఈగో’, లకాన్ ‘నేను’, విన్నికాట్ ‘సెల్ఫ్’ ఒకటి కావు. ఒకే పేరాలో మూడూ కలిపితే మీరు ఏ ‘నేను’ గురించి మాట్లాడుతున్నారో మీకే తెలియకుండా పోతుంది. రాశాక ప్రతి పేరాలోనూ పారిభాషిక పదం కొట్టేసి చదవండి. మిగిలిన వాక్యం కవిత గురించి ఏదైనా చెబుతోందా? చెప్పకపోతే ఆ పదం మీ తరఫున ఆలోచించినట్టు నటించింది. ఇంకో పరీక్ష: మీ వాదనకు ఎదురు తిరిగే పాదం ఒకటి కవితలోంచి మీరే వెతికి పేపరులో పెట్టండి. అలాంటిది ఒక్కటీ దొరకలేదంటే మీ వాదన ఏ కవితకైనా సరిపోయేంత వదులుగా ఉందని అర్థం. సాహిత్యాన్ని రోగిలా, సిద్ధాంతాన్ని డాక్టరులా కూర్చోబెట్టవద్దని విమర్శకురాలు షోషానా ఫెల్మన్ 1977లో వాదించింది. రెండూ ఒకదాన్నొకటి ప్రశ్నించాలి. ఎదురు తిరిగే పాదం వెతకడం ఆ మాటను ఆచరణలో పెట్టడమే.

అలాస్టర్ తీసుకుంటే అలా ఎదురు తిరిగే చోటు ఇది. కాశ్మీర లోయ చేరకముందే ఒక అరబ్బు పిల్ల వస్తుంది. మొత్తం పదకొండు పాదాలు. తండ్రి గుడారంలోంచి తన రోజువారీ తిండిని తెచ్చి అతనికి పెడుతుంది, తన చాప పరుస్తుంది, రాత్రంతా మేలుకుని అతని నిద్రను చూస్తుంది. మాట్లాడటానికి ధైర్యం చాలదు. తెల్లవారగానే పాలిపోయి, తత్తరపడుతూ, ఎగశ్వాసతో తన చల్లని ఇంటికి తిరిగి వెళ్తుంది. అతను ఆమెను చూసినట్టు కవితలో ఎక్కడా లేదు. ముసుగు కన్య అతని గొంతుతో మాట్లాడింది. ఈమెది ఆమె సొంత ఆకలి, సొంత నిద్రలేమి. కోరుకునే మనిషి అంటూ కవితలో రెండో వ్యక్తి ఉందంటే ఈమే. మార్గరెట్ హోమన్స్ వంటి స్త్రీవాద విమర్శకులు రొమాంటిక్ కవిత్వంలో స్త్రీ ఎలా కవి ‘నేను’కు పనిముట్టు అయిందో చూపించారు. కానీ ఆ పాదాల్లో పాలిపోవడానికి షెల్లీ వాడిన ఇంగ్లీషు మాట ‘వాన్’. సుమారు అరవై పాదాల తర్వాత, కల చెదిరి ఖాళీ లోయను చూస్తున్న అతని కళ్ళకు, సముద్రంలోని చంద్రుడి ఉపమానానికి సరిగ్గా ముందు, కవిత వాడిన మాటా అదే. అతను చూడని పిల్ల ముఖం మీది రంగు అతని కళ్ళలోకి ఎలా వచ్చింది అన్న ప్రశ్నతో మీ పేపరు మొదలుపెట్టండి.